సంతకం పెట్టి అమ్మిన బండి
జార్జ్ బ్రఫ్ జీవితం

మన ప్రాజెక్ట్ ల్యాబుల్లో తరచూ వినిపించే ఎత్తిపొడుపు ఒకటుంది. పార్టులన్నీ బయట కొనుక్కొచ్చి బిగించేశావు, ఇందులో నువ్వు చేసిందేముంది అని. ఈ ఎత్తిపొడుపుకు ఇరవయ్యేళ్ల పాటు తన పనితోనే జవాబు చెప్పిన ఒక మనిషి కథ ఇది. పేరు జార్జ్ బ్రఫ్. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ఊరివాడు. ఇంగ్లిషు స్పెల్లింగ్ చూస్తే ఎలా పలకాలో తెలీదు గానీ, రఫ్ అన్నట్టే బ్రఫ్ అనాలి.

జార్జ్ ఇంజన్లు పోత పోయలేదు. గేర్‌బాక్సులు చేయలేదు. అవన్నీ వేరే కంపెనీల దగ్గర కొన్నాడు. అయినా 1919 నుంచి 1940 దాకా అతని చిన్న కార్ఖానాలోంచి బయటికొచ్చిన దాదాపు 3000 మోటార్‌సైకిళ్లు ప్రపంచంలో అన్నిటికంటే ఖరీదైనవాటి వరసలో నిలబడ్డాయి. వాటిలో అచ్చం ఒకేలా ఉండే రెండు బండ్లు దొరకడం అరుదు. ఎందుకంటే ప్రతి బండీ ఎవరో ఒక మనిషి కోసం, ఆ మనిషి అడిగినట్టు కట్టినదే. ఈరోజు మనం కస్టమ్ బైక్ అంటున్నామే, ఆ పనినే నమ్ముకుని బతికిన తొలితరం మనుషుల్లో జార్జ్ ఒకడు. ఎలా బతికాడు, చివరికి ఎందుకు ఆపేశాడు అన్నదే అసలు కథ.

తండ్రి షెడ్డు

జార్జ్ పుట్టింది 1890 ఏప్రిల్ 21న. నాటింగ్‌హామ్ అప్పటికే పనిమంతుల ఊరు. లేసు అల్లే మిల్లులు, చుట్టూ బొగ్గు గనులు, వాటికి తోడు సైకిళ్ల పరిశ్రమ. ర్యాలీ సైకిల్ పుట్టిన ఊరు అదే. స్టర్మీ ఆర్చర్ గేర్లు తయారైందీ అక్కడే. జార్జ్ తండ్రి విలియం ఎడ్వర్డ్ బ్రఫ్ ఆ వాతావరణంలో తయారైన మెకానిక్. మోటార్‌సైకిల్ అనేది ఇంకా వింత వస్తువుగా ఉన్న రోజుల్లోనే ఆయన సొంతంగా వాటిని తయారు చేసి, సొంత పేరుతో అమ్మడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఇద్దరు కొడుకులూ ఆ నూనె వాసనలోనే పెరిగారు.

జార్జ్‌కు బండి తయారు చేయడం కంటే ముందు నడపడం మీద మోజు. అప్పట్లో బ్రిటన్‌లో ట్రయల్స్ అని జరిగేవి. వేగం ఒక్కటే కాదు, మట్టి రోడ్లూ కొండ ఎత్తులూ దాటుకుంటూ చెప్పిన టైముకు చెప్పిన చోటికి బండి చెడకుండా చేరాలి. లండన్ నుంచి ఎడిన్‌బరా దాకా సాగే ట్రయల్‌లో జార్జ్ 1910, 1911, 1912 మూడేళ్లూ వరసగా గెలిచాడు. నడిపింది తండ్రి తయారు చేసిన బండ్లే. అలా కంపెనీకి మంచి పేరు వచ్చింది. కొడుక్కి ఇంకో లాభం కూడా కలిగింది. ఎక్కడ ఏ బోల్టు వదులవుతుందో, ఏ పార్టు ముందు విరుగుతుందో చేతులకు తెలిసొచ్చింది.

తండ్రీ కొడుకులకు తేడా వచ్చింది ఇంజన్ దగ్గర. విలియంకు ఫ్లాట్ ట్విన్ అంటే ప్రాణం. అంటే రెండు సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉంటాయి. ఒక పిస్టన్ ఇటు వెళ్తుంటే రెండోది అటు వెళ్తుంది, ఒకదాని ఊపును ఇంకొకటి సరిచేస్తుంది, కాబట్టి ఇంజన్ వణకదు. మెషిన్ డైనమిక్స్ చదివినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. అప్పటి బండ్లలో ఈ ఇంజన్‌ను ముందుకీ వెనక్కీ పొడవుగా పెట్టేవాళ్లు. దాంతో బండి పొడవు పెరుగుతుంది, వెనక సిలిండర్‌కు గాలి సరిగా తగలదు. జార్జ్ మనసంతా వి-ట్విన్ మీద ఉంది. రెండు సిలిండర్లు వి అక్షరంలా నిలబడి ఒకే క్రాంక్‌షాఫ్ట్‌ను తిప్పే ఇంజన్ అది. కాస్త వణుకుతుంది గానీ, సైకిల్ ఫ్రేమ్ నుంచి వచ్చిన ఆ త్రికోణంలో చక్కగా ఇమిడిపోతుంది. అంత చిన్న చోటులో 1000 సీసీ దాకా పట్టించొచ్చు.

విలియం ఒప్పుకోలేదు. ఆయన లెక్క ఆయనది. మామూలు జనం కొనగలిగే, నమ్మకంగా తిరిగే బండి చాలు అన్నది ఆయన వాదన. జార్జ్‌కు కావాల్సింది అది కాదు. బాగా డబ్బున్నవాడు కూడా చూసి ఆగిపోయే బండి కావాలి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, కంపెనీలో తన వాటా కింద వచ్చిన 1000 పౌండ్లు తీసుకుని జార్జ్ బయటికొచ్చేశాడు. అదే ఊళ్లో, హేడన్ రోడ్డులో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు.

కొత్త కంపెనీకి పేరు కావాలి. ఇంటిపేరు వదలడం ఇష్టం లేదు, కానీ బ్రఫ్ అన్న పేరుతో తండ్రి బండ్లు అప్పటికే మార్కెట్లో ఉన్నాయి. సుపీరియర్ అని చేర్చమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడంటారు. బ్రఫ్ సుపీరియర్, అంటే బ్రఫ్‌లలో మేలైనది. ఈ సంగతి విన్న తండ్రి, అయితే నావి నాసిరకం అన్నమాట అని గొణిగాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. అది నిజంగా అన్నాడో లేదో గానీ, ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో తండ్రీ కొడుకులు పోటీ దుకాణాలు నడపడం మాత్రం నిజం. తర్వాత కొన్నేళ్లకు విలియం మోటార్‌సైకిళ్ల తయారీ ఆపేశాడు.

కొన్న పార్టులు, సొంత బండి

వెయ్యి పౌండ్లతో ఇంజన్ ఫ్యాక్టరీ పెట్టలేం. పోత పోసే మూసలు, లేత్‌లు, మిల్లింగ్ మెషిన్లు, వాటి మీద పనిచేసే మనుషులు, ఇవన్నీ సమకూర్చుకోవాలంటే నెలకు వందల బండ్లు అమ్మాలి. జార్జ్ దారి వేరు. ఇంజన్ లండన్ టాటెన్‌హామ్‌లోని జాప్ కంపెనీది. గేర్‌బాక్స్ సొంత ఊళ్లోని స్టర్మీ ఆర్చర్‌ది. ఏది ఎక్కడ బాగుంటే అది అక్కడ కొన్నాడు. కానీ షాపులో దొరికిన సరుకును దొరికినట్టు తెచ్చి బిగించలేదు. జాప్ కంపెనీతో కూర్చుని తనకు ఎలాంటి ఇంజన్ కావాలో చెప్పి చేయించుకున్నాడు. ఆ కంపెనీలో పనిచేసిన బెర్ట్ లె వాక్ అనే ఇంజనీరు రేసర్ కూడా. ఇంజన్ల విషయంలో జార్జ్‌కు అలాంటి మనుషుల తోడు దొరికింది.

అతని సొంత పనితనం ఎక్కువగా కనిపించేది బండి ఆకారంలో. అంతకు ముందు బండ్లకు పెట్రోల్ టాంకు అంటే రెండు ఫ్రేమ్ గొట్టాల మధ్య ఇరికించిన పలకలాంటి డబ్బా. జార్జ్ దాన్ని గుర్రం మీద జీనులా పై గొట్టానికి అటూ ఇటూ వేలాడేలా చేశాడు. ముందుభాగం గుండ్రంగా ఉబ్బి, నికెల్ పూతతో మెరిసేది. ఈరోజు మనం ఏ బైక్ టాంకు చూసినా ఇంచుమించు అదే పద్ధతి. ముందు చక్రం పట్టే ఫోర్క్ విషయంలో హార్లీ డేవిడ్సన్ పద్ధతి నచ్చి, దాని మీద పనిచేసి, హెరాల్డ్ కార్స్‌లేక్ అనే సహచరుడితో కలిసి క్యాజిల్ ఫోర్క్ తయారు చేశాడు. చేపతోక ఆకారంలో ఉండే సైలెన్సర్లు ఆ బండికి గుర్తుగా మిగిలిపోయాయి.

బండి కట్టే తీరు వింటే మన లాంటి వాళ్లకు కాస్త ఓపిక నశిస్తుంది. ప్రతి బండినీ రెండుసార్లు కట్టేవాళ్లు. మొదటిసారి అన్ని పార్టులూ పెట్టి చూసి, ఎక్కడ ఏది అర మిల్లీమీటరు అడ్డం వస్తుందో అక్కడ రాకి, రంధ్రాలు సరిచేసి, అంతా కుదిరిందనుకున్నాక మళ్లీ పూర్తిగా విప్పేసేవాళ్లు. విప్పిన పార్టులు రంగుకూ నికెల్ పూతకూ వెళ్లేవి. అవి వచ్చాక రెండోసారి కట్టేవాళ్లు. రంగు వేశాక ఆకురాయితో పని ఉండకూడదన్నదే లెక్క. తర్వాత బండిని రోడ్డు మీద నడిపి పరీక్ష చేయాలి. చెప్పిన పనితనం చూపించకపోతే తిరిగి కార్ఖానాలోకే.

ఆర్డరు ఇచ్చేవాడు కాగితం మీద తన కోరికలు రాసేవాడు. హ్యాండిల్ వంపు ఎలా ఉండాలి, సీటు ఎంత ఎత్తు, సైడ్‌కార్ తగిలిస్తాడా, దూర ప్రయాణాలకు సంచులు కావాలా, రేసుకు వాడతాడా, అన్నీ. లెక్క వేసి చూడండి. ఇరవయ్యొక్కేళ్లలో 3000 బండ్లంటే సగటున వారానికి మూడు కూడా లేవు. అప్పటి పెద్ద కంపెనీలు ఏడాదికి వేలల్లో బండ్లు దింపుతున్న కాలంలో ఈ లెక్కతో బతకడం ఎలా? ఒక్కటే మార్గం. ఒక్కో బండికీ ఎక్కువ ధర తీసుకోవాలి. ఆ ధర ఎందుకో కొనేవాడికి అనుమానం లేకుండా చూపించాలి.

కాగితం మీద గ్యారంటీ

ఇక్కడే జార్జ్ అసలు తెలివి కనిపిస్తుంది. 1920ల మొదట్లో ఎస్ఎస్80 అనే మోడల్ తెచ్చాడు. పేరులోని 80 అలంకారం కాదు. ఈ బండి గంటకు 80 మైళ్లు, అంటే దాదాపు 129 కిలోమీటర్ల వేగం దాటుతుందని గ్యారంటీ. 1924లో ఎస్ఎస్100 వచ్చింది. దీనికి పావు మైలు దూరం మీద 100 మైళ్ల వేగం, అంటే 161 కిలోమీటర్లు చూపించినట్టు సర్టిఫికెట్ ఇచ్చేవాడు. కింద జార్జ్ బ్రఫ్ సంతకం. తర్వాత వచ్చిన పెండైన్ అనే రకానికి 110 మైళ్ల గ్యారంటీ.

అప్పటి బ్రిటన్‌లో రోడ్డు మీద చట్టం ఒప్పుకునే వేగం గంటకు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు మాత్రమే. ఆ పరిమితి 1930 దాకా అలాగే ఉంది. చట్టం ఒప్పుకునే వేగానికి అయిదు రెట్లు వెళ్లే బండిని సంతకం పెట్టి మరీ అమ్మడమంటే మామూలు ధైర్యం కాదు. ధర 170 పౌండ్లు. ఆ డబ్బుకు ఆస్టిన్ సెవెన్ అనే చిన్న కారే వచ్చేది. కార్ఖానా కార్మికుడి ఏడాది సంపాదన కూడా ఇంచుమించు అంతే. అంటే నాలుగు చక్రాలూ, పైన కప్పూ వదులుకుని, అదే డబ్బుకు వానలో తడిసే రెండు చక్రాలు కొనాలి. కొనేవాళ్లు కొన్నారు. ఎస్ఎస్100 రకం బండ్లు మొత్తం మీద నాలుగు వందల లోపే తయారయ్యాయి.

జార్జ్‌కు ప్రచారం చేయడం బాగా వచ్చు. ముందుగా తనే నడిపేవాడు. ఓల్డ్ బిల్ అని ముద్దుపేరు పెట్టుకున్న ఎస్ఎస్80 మీద 1922, 1923లలో వరసగా 51 రేసులు గెలిచాడంటారు. 52వ రేసులో బండి మీంచి పడిపోతే, మనిషి లేకుండానే బండి గీత దాటిందని కూడా చెబుతారు. 1924లో లె వాక్ ఫ్రాన్స్‌లోని అర్పజోన్ దగ్గర బ్రఫ్ సుపీరియర్ మీద గంటకు 119 మైళ్లు దాటి ప్రపంచ రికార్డు పెట్టాడు. 1928లో అదే చోట జార్జ్ స్వయంగా 130.6 మైళ్లు, అంటే 210 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అది అధికారిక రికార్డుల్లోకి ఎక్కలేదు. కానీ తన కార్ఖానా బండిని తనే నడుపుతూ ఆ వేగం చూసిన యజమాని ఎంతమంది ఉంటారు?

రెండో ప్రచారం అనుకోకుండా వచ్చింది. ద మోటార్ సైకిల్ అనే పత్రిక ఒక సమీక్షలో ఈ బండిని మోటార్‌సైకిళ్లలో రోల్స్ రాయిస్ అని పోల్చింది. జార్జ్ ఆ మాటను వెంటనే ప్రకటనల్లో వాడేసుకున్నాడు. వేరే కంపెనీ పేరు అలా వాడుకుంటే ఊరుకుంటారా అని మనకు అనుమానం వస్తుంది. రోల్స్ రాయిస్ నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడని, ఆ సమయానికి పనివాళ్లు తెల్లని గ్లవ్స్ తొడుక్కుని బండ్లు బిగిస్తున్నారని, అది చూసి ఆయన తృప్తిగా వెళ్లిపోయాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికి ఆ బండ్లు ఎగ్జిబిషన్‌కు వెళ్లేవి కాబట్టి మెరుగు మీద వేలిముద్రలు పడకూడదని గ్లవ్స్ వేసుకున్నారట. కథలో ఎంత నిజమో పక్కన పెడితే, ఆ పోలికను మాత్రం జార్జ్ చివరి దాకా వాడుకున్నాడు.

ఎగ్జిబిషన్లంటే గుర్తొచ్చింది. లండన్‌లో ఏటా జరిగే మోటార్‌సైకిల్ ప్రదర్శనకు జార్జ్ ఏదో ఒక అద్భుతంతో వెళ్లేవాడు. 1927లో వి ఆకారంలో నాలుగు సిలిండర్ల బండి. మరుసటి ఏడాది నాలుగు సిలిండర్లు వరసగా ఉన్న బండి. ఇంకోసారి ఆస్టిన్ సెవెన్ కారు ఇంజన్ పెట్టి, వెనక రెండు చక్రాలు పక్కపక్కన బిగించి, వాటి మధ్య షాఫ్ట్ నడిపించిన బండి. వీటిలో చాలావరకు అమ్మకం దాకా రాలేదు. ఆస్టిన్ ఇంజన్ బండ్లు పది దాకా తయారయ్యాయి. కానీ జనం ఆ స్టాల్ దగ్గరికే వచ్చి, చూసి, మామూలు మోడల్‌కు ఆర్డరిచ్చి వెళ్లేవాళ్లు.

కొన్నవాళ్లలో ఒకడు

బ్రఫ్ కస్టమర్లలో అందరికీ తెలిసినవాడు టి.ఇ. లారెన్స్. లారెన్స్ ఆఫ్ అరేబియా సినిమా చూసినవాళ్లకు మొదటి సీనే గుర్తుండి ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన ఆ మనిషి, ఆ పేరు నుంచే పారిపోవాలని వేరే పేరుతో బ్రిటిష్ వైమానిక దళంలో అట్టడుగు ర్యాంకులో చేరాడు. ఆ ఉద్యోగంలోనే కొన్నాళ్లు అప్పటి మన దేశంలో ఉన్న కరాచీలో కూడా పనిచేశాడు. 1922 నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు బ్రఫ్ సుపీరియర్లు నడిపాడు. వాటికి జార్జ్ పేరే పెట్టి, రాజుల పేర్ల పక్కన పెట్టినట్టు ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు ఇచ్చుకున్నాడు. 1926 నాటికి అయిదు బండ్ల మీద కలిపి లక్ష మైళ్లు తిరిగానని జార్జ్‌కు ఉత్తరం రాశాడు. ఎక్కడ బాగుందో, ఎక్కడ ఇబ్బందో కూడా రాసేవాడు. ఇలాంటి కస్టమర్ దొరకడం ఏ తయారీదారుకైనా అదృష్టమే.

1935 మే 13న డార్సెట్‌లోని తన చిన్న ఇంటి దగ్గర రోడ్డు దిగుడులో, సైకిళ్ల మీద వెళ్తున్న ఇద్దరు పిల్లలను తప్పించబోయి లారెన్స్ బండి మీంచి పడిపోయాడు. తలకు హెల్మెట్ లేదు. అప్పట్లో మామూలు రోడ్ల మీద దాదాపు ఎవరూ పెట్టుకునేవాళ్లు కాదు. ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. ఎనిమిదో బండి అప్పటికి నాటింగ్‌హామ్‌లో తయారవుతోంది.

ఆ ఆరు రోజుల్లో లారెన్స్‌ను చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఒకరు. ఆ మరణం ఆయన్ని వదల్లేదు. సైన్యంలో మోటార్‌సైకిళ్ల మీద సందేశాలు మోసే కుర్రాళ్ల తల గాయాలను లెక్కలతో సహా పరిశీలించి 1941లో వ్యాసం ప్రచురించాడు. హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని గట్టిగా చెప్పిన తొలి పరిశోధనల్లో అది ఒకటి. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం ఆ కుర్రాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1973లో. గంటకు వంద మైళ్లని సంతకం పెట్టి ఇచ్చిన కాలంలో, ఆ వేగంలో పడితే తల ఏమవుతుందన్న ప్రశ్న తయారీదారులూ వేసుకోలేదు, కొనేవాళ్లూ వేసుకోలేదు. జార్జ్ కథలో ఈ భాగాన్ని దాటేసి వెళ్లడం కుదరదు.

చెడ్డ రోజులు

1929 తర్వాత ప్రపంచమంతా మాంద్యం. ఖరీదైన సరుకు అమ్మేవాడి మీదే మొదటి దెబ్బ పడాలి. జార్జ్ ఊరికే కూర్చోలేదు. 680 సీసీ ఇంజన్‌తో చిన్న మోడళ్లు అంతకు ముందే తెచ్చాడు, వాటి మీద దృష్టి పెట్టాడు. 1933లో 11-50 అనే బండి తెచ్చాడు. 1096 సీసీ, మెత్తగా లాగే సైడ్ వాల్వ్ ఇంజన్. పన్ను లెక్కలో 11 హార్స్‌పవర్, నిజంగా ఇచ్చేది 50, అందుకే ఆ పేరు. సైడ్‌కార్ తగిలించుకునే కుటుంబాలకూ పోలీసులకూ సరిపోయే బండి అది. వేగం పిచ్చి ఉన్నవాళ్లను మాత్రమే నమ్ముకుంటే షట్టరు దించాల్సి వచ్చేది. అమెరికన్ హడ్సన్ కంపెనీ ఇంజన్లతో కొన్ని కార్లు కూడా కట్టాడు. 1930ల మధ్యలో జాప్ ఇంజన్ల స్థానంలో మ్యాచ్‌లెస్ కంపెనీ ఇంజన్లు వాడటం మొదలుపెట్టాడు.

ఈ మార్పులో ఒక సంగతి గమనించాలి. ఇంజన్ ఇచ్చే కంపెనీ మారితే ఫ్రేమ్ మారాలి, గేర్ల లెక్క మారాలి, మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి. వాళ్లు ధర పెంచితే పెంచినంత ఇవ్వాలి. బయట పార్టులు కొనడం పెట్టుబడిని తగ్గించింది, నిజమే. కానీ పగ్గం మాత్రం ఎప్పుడూ ఇంకొకడి చేతిలోనే ఉండిపోయింది. ఇది జార్జ్‌కు తెలియకుండా ఎలా ఉంటుంది? అందుకే 1938లో తన సొంత ఇంజన్‌తో ఒక బండి ప్రదర్శనలో పెట్టాడు.

దాని పేరు డ్రీమ్. బంగారు రంగు వేశారు కాబట్టి జనం గోల్డెన్ డ్రీమ్ అన్నారు. దాదాపు 1000 సీసీ, నాలుగు సిలిండర్లు, చైను బదులు షాఫ్ట్. ఇంజన్ లోపలికి తొంగి చూస్తే ఒక చిత్రం కనిపిస్తుంది. ఒక ఫ్లాట్ ట్విన్ మీద ఇంకో ఫ్లాట్ ట్విన్ పేర్చి, రెండు క్రాంక్‌షాఫ్టులను గేర్లతో కలిపిన ఇంజన్ అది. ఎదురెదురు సిలిండర్లు, ఒకదాని ఊపు ఒకటి సరిచేసుకునే అదే పద్ధతి. ఇరవయ్యేళ్ల క్రితం ఏ ఇంజన్ వద్దని తండ్రితో తెగతెంపులు చేసుకున్నాడో, తన జీవితంలో గొప్ప బండి అనుకున్నదాన్ని తిరిగి ఆ పద్ధతి మీదే కట్టాడు. వణుకు లేని ఇంజన్ విషయంలో విలియం చెప్పింది తప్పు కాదు మరి. కాకపోతే ఆ పద్ధతిని 1000 సీసీ బండిలో కుదురుగా ఇమిడేలా మలచడానికి కొడుక్కి అన్నేళ్లు పట్టింది.

డ్రీమ్ అమ్మకానికి రాలేదు. నమూనా బండ్లు కొన్ని తయారయ్యేసరికి 1939లో యుద్ధం వచ్చిపడింది. 1940లో మోటార్‌సైకిళ్ల తయారీ ఆగిపోయింది.

యుద్ధం తర్వాత

యుద్ధంలో హేడన్ రోడ్డు కార్ఖానాకు వచ్చిన పని చూస్తే విధి చమత్కారం అనిపిస్తుంది. యుద్ధ విమానాల్లో వాడిన మెర్లిన్ ఇంజన్లకు క్రాంక్‌షాఫ్టుల లాంటి కచ్చితమైన భాగాలు తయారు చేశారు. మెర్లిన్ ఎవరిదంటే రోల్స్ రాయిస్‌ది. ప్రకటనల్లో ఎవరి పేరు వాడుకున్నాడో ఆ కంపెనీకే జార్జ్ పనివాళ్లు ఇప్పుడు పార్టులు ఇస్తున్నారు. రెండుసార్లు కట్టి చూసే చేతులకు ఆ కొలతలు కొత్తేమీ కాదు.

యుద్ధం ముగిశాక బండ్లు మళ్లీ మొదలవుతాయని కస్టమర్లు ఎదురుచూశారు. కానీ తనకు తగ్గ పెద్ద వి-ట్విన్ ఇంజన్లు ఇప్పుడు మార్కెట్లో దొరకలేదు. దేశం అప్పుల్లో ఉంది, పెట్రోలుకు రేషన్ ఉంది, ఖరీదైన బండికి ఇంజన్ చేసి ఇవ్వడం పెద్ద కంపెనీలకు గిట్టుబాటు కాదు. దొరికిన ఇంజన్ పెట్టి, టాంకు మీద పాత పేరు రాసి అమ్మేయొచ్చు. కొనేవాళ్లు ఉండేవాళ్లే. జార్జ్ అలా చేయలేదు. మోటార్‌సైకిళ్ల తయారీ మళ్లీ మొదలుపెట్టనే లేదు. కార్ఖానాను ఇంజనీరింగ్ పనులతో నడిపిస్తూ, పాత బండ్లకు కావాల్సిన పార్టులు ఇస్తూ మిగతా జీవితం గడిపాడు. 1970 జనవరి 12న, దాదాపు ఎనభయ్యేళ్ల వయసులో చనిపోయాడు.

సొంత ఇంజన్ లేకపోవడం వల్లే మునిగాడు అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. అదే కాలంలో ఫిలిప్ విన్సెంట్ అనే మరో ఇంగ్లిషువాడు సొంత వి-ట్విన్ ఇంజన్ తయారు చేసుకుని, యుద్ధం తర్వాత ప్రపంచంలోకెల్లా వేగమైన బండ్లు అమ్మాడు. ఆయన కంపెనీ కూడా 1955లో మోటార్‌సైకిళ్లు ఆపేసింది. చవకగా కార్లు దొరకడం మొదలయ్యాక, కారు ధరకు మోటార్‌సైకిల్ కొనే మనుషులు తగ్గిపోయారు. ఒక్కొక్కటిగా, ఒక్కొక్కరి కోసం వస్తువు చేసి బతకడం అనేది పనితనం మీద మాత్రమే ఆధారపడదు. ఆ వస్తువుకు అంత ఇవ్వగల మనుషులు ఆ కాలంలో ఉన్నారా లేదా అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. జార్జ్‌కు అలాంటి ఇరవయ్యేళ్లు దొరికాయి. వాటిని వృథా చేసుకోలేదు.

తయారైన మూడు వేలలో మూడో వంతు దాకా ఇప్పటికీ ఉన్నాయంటారు. ఎనభయ్యేళ్లకు పైగా కిందట కొన్న పార్టులతో బిగించిన బండ్లవి. వేలంలో ఒక్కోటి లక్షల పౌండ్లకు పోతోంది. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో అదే పేరుతో కొత్త బండ్లు కూడా తయారవుతున్నాయి. పాత బండి దొరికినవాడు మొదట చేసే పని దాని కార్ఖానా కార్డు కోసం వెతకడం. ఫ్రేమ్ నంబరు, ఇంజన్ నంబరు, ఎవరు ఆర్డరిచ్చారు, ఏమేం అడిగారు అన్నీ హేడన్ రోడ్డులో కార్డుల మీద రాసిపెట్టేవాళ్లు. వాటిలో చాలావరకు భద్రంగా ఉన్నాయి.

ప్రాజెక్టులో పార్టులు కొని బిగించామని ఈసారి ఎవరైనా ఎత్తిపొడిస్తే బాధపడకండి. బిగించాక విప్పి మళ్లీ బిగించారా, నడిపి చూశారా, కింద మీ పేరు రాయడానికి చెయ్యి వణకకుండా ఉందా అని మాత్రం చూసుకోండి.